గులాబీ లస్టర్ జగ్గు అడుగున ముద్ర లేదు. ఎవరు చేశారో ఎలా తెలుసుకోవాలి?

జగ్గు పొట్ట మీద నల్లగీతల వంతెన బొమ్మ, చుట్టూ గులాబీ మరకలు, అడుగున ఏమీ లేదు. అమ్మినాయన మాత్రం “డిక్సన్ వాళ్లదే” అన్నాడు. అంటే ఇంగ్లండ్‌లోని సండర్లాండ్‌లో గారిసన్ పాటరీ అనే మట్టిపాత్రల కార్ఖానా నడిపినవాళ్లు. నమ్మొచ్చా అని కదా మీరు అడిగింది.

గులాబీ రంగు చూసి నమ్మకండి. లస్టర్ అంటే మెరిసే పూత; బంగారం కలిపిన ఈ గులాబీ పూత సండర్లాండ్‌తో పాటు న్యూకాజిల్, స్టాఫర్డ్‌షైర్, స్వాన్సీలలోనూ వేశారు. బొమ్మ కింద 1796 అని ఉన్నా జగ్గు వయసు తేలదు. అది సండర్లాండ్‌లో వేర్ నది మీద ఇనుప వంతెన తెరిచిన ఏడాది. అమ్మేవాళ్లకి ఈ సంగతి ఎందుకో గుర్తుండదు!

నేనుండేది న్యూకాజిల్ దగ్గర. కార్ బూట్ సేల్‌కి (కార్ల డిక్కీల్లో పాత సామాన్లు పెట్టి అమ్మే సంతకి) వెళ్తే జేబులో భూతద్దం ఉంటుంది, ముందు చూసేది బొమ్మ అంచులే. రాగి రేకు మీద చేత్తో చెక్కి, పల్చటి కాగితం మీద అచ్చు తీసి, పాత్రకు అంటించేవారు. అందుకే ఒక రేకు వంతెనకీ ఇంకో రేకు వంతెనకీ పడవలు, తెరచాపలు, అక్షరాల వంపు తేడాగా ఉంటాయి. కొన్నిటిలో బొమ్మ కిందే సన్నగా పేరు ఉంటుంది. “డిక్సన్, ఆస్టిన్” అని మాత్రమే ఉంటే 1820ల నాటిది. “డిక్సన్, ఫిలిప్స్” అయితే సుమారు 1840 నుంచి, ఆ గారిసన్ పాటరీ మూతపడిన 1865 లోపుది.

చిక్కేమిటంటే, పాటరీ మూతపడితే రేకులు వేరేవాళ్ల చేతికి వెళ్లేవి. అందుకని పచ్చిమట్టిలో నొక్కిన పేరుకే నేను ఎక్కువ విలువిస్తాను. మా గోడకున్న “నీవు నన్ను చూచుచున్నావు దేవా” పలకలో బొమ్మ వైపు ఏ పేరూ లేదు. వెనక వేలితో తడిమితే “డిక్సన్ అండ్ కో” తగులుతుంది. ఏటవాలు వెలుగులో మీ జగ్గు అడుగునా ఓసారి తడిమి చూడండి.

అక్కడా ఏమీ లేకపోతే, అదే రేకు బొమ్మతో పేరున్న పాత్ర వెతకాలి. సండర్లాండ్ మ్యూజియంలో ఈ సరుకు బాగా ఉంది. బొమ్మ ఒక్కటీ కలిస్తే చాలదు; పిడి వంపు, మూతి ఆకారం కూడా కలవాలి. అప్పుడే “డిక్సన్” అనండి, లేదంటే “సండర్లాండ్ తరహా” అని ఆగిపోండి, ధర కూడా ఆ మేరకే ఇవ్వండి.

“ఇంగ్లండ్” అని అచ్చయి ఉంటే మామూలుగా 1891 తర్వాతిదే, సరుకు మీద దేశం పేరు ఉండాలన్న అమెరికా దిగుమతి చట్టం పుణ్యమా అని. ఇరవయ్యో శతాబ్దంలో స్టోక్‌లోని గ్రేస్ పాటరీ కూడా ఈ గులాబీ మరకల సరుకు చేసింది.

బొమ్మ, పిడి, అడుగు దగ్గరగా ఫొటోలు పెట్టండి, చూస్తాను. ఫ్లాష్ వద్దు, లస్టర్ మెరుపులో అక్షరాలు కనపడవు.