పెరటి మొక్కలతో నెలకు కొంత డబ్బు వస్తుందా? ఏడేళ్లుగా చేస్తున్నాను, నా అనుభవం ఇదీ

అమలాపురం దగ్గర ఇంటి వెనక ఆరు సెంట్ల పెరడు ఉంది, నాలుగు కొబ్బరి చెట్లు తప్ప అంతా ఖాళీయే, మొక్కలు పెంచి నెలకు నాలుగైదు వేలు సంపాదించవచ్చా, ఏం వేస్తే బాగుంటుంది అని అడిగారు. వస్తాయండి. అయితే నెలనెలా జీతంలా రావు, మొదటి ఏడాది అంత రావు కూడా. నాకు మొదటి ఏడాది ఖర్చులు పోగా మిగిలింది తొమ్మిది వేలు. ఇప్పుడు వినాయక చవితి, కార్తీకం వచ్చే నెలల్లో ఏడెనిమిది వేలు వస్తాయి. ఎండాకాలంలో మల్లెపూల డబ్బులు తప్ప వేరే ఏమీ ఉండవు.

మాది రావులపాలెం దగ్గర పల్లెటూరు. ముందుగా ఏం వేయకూడదో చెబుతాను, ఎందుకంటే నేను నష్టపోయింది అక్కడే. అరటి వేసి గెలలు అమ్ముదామనుకున్నాను. ఇక్కడ గెలలు లేని ఇల్లు ఏది? రావులపాలెం మార్కెట్‌కి లారీలకు లారీలు వస్తుంటే నా రెండు గెలలు అడిగేవాళ్లు లేరు. తర్వాత జొన్నాడ వంతెన దాటి కడియం వెళ్లి గులాబీ, క్రోటన్ మొక్కలు కొనుక్కొచ్చి ఊళ్లో అమ్మాను. ఆటో ఖర్చు కూడా రాలేదు. కడియం, కడియపులంక నర్సరీలు మనకు అంత దగ్గర్లో ఉన్నాయి, రంగురంగుల పూలమొక్కలు కావాలనుకున్నవాళ్లు అక్కడికే వెళ్తారు. వాళ్లతో ధరలో పోటీ పడలేం.

నాకు దారి దొరికింది చవితి పత్రితో. ఒక ఏడాది మా అత్తగారు పూజకు పత్రి తెమ్మంటే రావులపాలెంలో ఒక కట్ట కొన్నాను. ఇంటికొచ్చి విప్పితే ఇరవై ఒక్క రకాలు కాదు కదా, ఏడు రకాలు కూడా లేవు. ఏదో ఒక ఆకు తుంచి కట్టేశారు. అత్తగారికి ఆకులన్నీ తెలుసు. ఆవిడ్ని పక్కన పెట్టుకుని మా పెరట్లో, కాలవ గట్టు మీద తిరిగాం. తులసి, దానిమ్మ, మామిడి, గన్నేరు, జాజి, మరువం మా ఇంట్లోనే ఉన్నాయి. గరిక, ఉత్తరేణి, జిల్లేడు, ఉమ్మెత్త, వావిలి గట్టు మీద దొరికాయి. రావి, మారేడు గుడి దగ్గర అడిగి తెచ్చాం. మాచీపత్రి మాత్రం ఎవరింట్లోనో ఉంటే కొమ్మ అడిగి తెచ్చి నాటాను, ఇప్పుడదే గుబురుగా ఉంది.

మరుసటి ఏడాది నుంచి ఒక్కో ఆకుకు పేరు రాసిన చిన్న చీటీ కట్టి కట్టలు చేసి ఇస్తున్నాను. పూజలో ‘మాచీపత్రం పూజయామి, బృహతీపత్రం పూజయామి’ అని చదువుతుంటే చేతిలో ఉన్నది ఏ ఆకో తెలియాలని జనానికి ఎంత కోరికో అప్పుడు తెలిసింది. బృహతి అంటే వాకుడు, దాని ముళ్లకు చేతులు గీరుకుపోతాయి, అయినా తెస్తాను. దేవదారు హిమాలయాల చెట్టు, మన నేలలో రాదు. అది లేదని ముందే చెప్పేస్తాను, దాని బదులు ఇంకో ఆకు పెట్టను. ఆ మాట వల్లే మళ్లీ మళ్లీ వస్తున్నారని నా నమ్మకం. ఒక్క జాగ్రత్త: గన్నేరు, ఉమ్మెత్త రెండూ విషమే. పిల్లలకు, పశువులకు అందకుండా వేరే పొట్లం కట్టండి, కొన్నవాళ్లకు కూడా ఆ మాట చెప్పండి.

చవితి అయ్యాక వాళ్లే ‘ఆ మాచీపత్రి మొక్క ఒకటి ఇవ్వండి, మరువం ఇవ్వండి’ అని అడగడం మొదలుపెట్టారు. ఈ రెండూ కొమ్మ గుచ్చితే వచ్చేస్తాయి. అలా మొక్కల అమ్మకం మొదలైంది. పండగ పంచాంగం చూసి రెండు నెలల ముందు నాటుకోవడమే నా పద్ధతి. కార్తీకంలో క్షీరాబ్ది ద్వాదశికి కోటలో కొత్త తులసి పెట్టుకుంటారు, ఆ వారంలో ఎన్ని మొక్కలున్నా చాలవు. ఉసిరి కొమ్మ కూడా అప్పుడే అడుగుతారు. శ్రావణంలో వరలక్ష్మీ వ్రతానికి తమలపాకులు, అరటాకులు. తమలపాకు తీగకు నీడ ఇష్టం, మీ కొబ్బరి చెట్లకే పాకించవచ్చు.

ఏడాది పొడుగునా అడిగేది మాత్రం కరివేపాకు మొక్క. ఇందులో నాకు పెద్ద దెబ్బ తగిలింది. గోంగూర విత్తనాల్లాగే దీని గింజల్ని కూడా ఎండబెట్టి డబ్బాలో దాచాను. నాలుగు నెలల తర్వాత రెండు వందల కవర్లలో వేస్తే ఒక్కటి మొలవలేదు. కరివేపాకు గింజ తాజాగా ఉన్నప్పుడే మొలుస్తుంది. నల్లగా పండిన కాయ కోసి, గుజ్జు కడిగేసి, ఆ వారంలోనే నాటేయాలి. పక్షులు తినకముందే కోసుకోవాలి కాబట్టి మా అబ్బాయి పొద్దున్నే లేచి చెట్టు చూసి వచ్చేవాడు.

కవర్లలోకి మన రేగడి మట్టి ఒక్కటే వేయకండి, తడిస్తే బంక, ఎండితే రాయి. ఎర్రమట్టి, ఇసుక, బాగా చివికిన పశువుల ఎరువు సమానంగా కలుపుతాను. కొబ్బరి పొట్టు మనకు చవగ్గా దొరుకుతుంది గానీ పచ్చిది వాడకూడదు. అందులో ఉప్పు, వగరు ఉంటాయి. రెండు మూడు సార్లు నీళ్లలో నానబెట్టి ఒంపేశాక కలుపుకోండి.

జామ అంట్లకు కూడా ఈ పొట్టే వాడతాను. వానాకాలంలో పెన్సిలంత లావున్న కొమ్మ ఎంచుకుని, అంగుళం వెడల్పున బెరడును ఉంగరంలా తీసేయాలి. లోపల చేతికి జిగటగా తగిలే పొర ఉంటుంది, దాన్ని కత్తి వీపుతో గీకాలి, లేకపోతే బెరడు మళ్లీ కలిసిపోతుంది. తడి పొట్టు పిడికెడు పెట్టి ప్లాస్టిక్ కాగితం చుట్టి రెండు కొసలా గట్టిగా కట్టాలి. నెలన్నర, రెండు నెలలకు కాగితం లోపల తెల్లటి వేళ్లు కనపడతాయి. మొదటిసారి చూసినప్పుడు ఆ కొమ్మ కింద ఎంతసేపు నిలబడ్డానో నాకే తెలీదు. అంటు మొక్కకు గింజ మొక్క కంటే మూడు నాలుగు రెట్లు ఎక్కువ ఇస్తారు.

మీ పెరట్లో నాలుగు కొబ్బరి చెట్లు ఉన్నాయన్నారు కదా, ఒకసారి ఆకుల అడుగున చూడండి. తెల్లగా వలయాలు వలయాలుగా పొడి కనపడితే అది సర్పిలాకార తెల్లదోమ. మన దేశంలో 2016లో మొదటిసారి కనపడింది, ఇప్పుడు కోనసీమలో లేని తోట లేదు. అది విడిచే తేనెలాంటి జిగురు కింద మొక్కల మీద పడి, దాని మీద నల్లటి మసి పడుతుంది. నా కరివేపాకు అంతా అలాగే నల్లబడి ఎవరూ కొనలేదు. టెన్షన్ పడి ఘాటు మందులు కొట్టకండి, ఆ దోమను తినే మేలు పురుగులు కూడా చచ్చిపోతాయి. నేను పైపుతో నీళ్లు జోరుగా కొట్టి, వేపనూనెలో కొంచెం సబ్బునీళ్లు కలిపి పిచికారీ చేస్తాను. అమ్మే మొక్కల్ని చెట్ల నీడ నుంచి పక్కకు జరిపాను. అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం మీకు దగ్గరే, ఆకు ఒకటి పట్టుకెళ్లి చూపిస్తే ఏం చేయాలో చెబుతారు.

వానల్లో కవర్లను నేల మీద పెట్టొద్దు. ఒక జూలైలో మురుగుకాలవ పొంగి మూడు రోజులు పెరట్లో మోకాలి లోతు నీళ్లు నిలిచాయి, కనకాంబరం నారంతా వేళ్లు కుళ్లి పోయింది. అప్పటి నుంచి ఇటుకలు పేర్చి, వాటిపై చెక్కలు వేసి పైన పెడుతున్నాను. ఎండాకాలంలో దీనికి పూర్తిగా వ్యతిరేకం, కాలవలు కట్టేస్తారు, బోరు నీళ్లే దిక్కు. మీది సముద్రం వైపు ఊరైతే బోరు నీళ్లు ఉప్పగా ఉన్నాయేమో ముందు రుచి చూడండి. ఉప్పు నీళ్లకు నారుమొక్కల ఆకు కొసలు మాడిపోతాయి. అలాగైతే ఆ రెండు నెలలు మొక్కల సంఖ్య తగ్గించుకోవడమే మంచిది.

మల్లె గురించి ఒక్క మాట. ఎండ బాగా పడే చోట పది పన్నెండు పొదలు చాలు. ధనుర్మాసంలో నీళ్లు ఆపి, ఆకు దూసి, కొమ్మలు కత్తిరించి ఎరువు వేస్తే ఎండాకాలం అంతా మొగ్గే. సాయంత్రానికి గ్లాసు లెక్కన ఇరుగుపొరుగు వాళ్లే పట్టుకెళ్తారు.

ఇంటి దగ్గర కాకుండా పెద్ద ఎత్తున చేయాలనిపిస్తే మన రాష్ట్రంలో ఉద్యాన నర్సరీల రిజిస్ట్రేషన్‌కు 2010 చట్టం ఉంది, ముందు ఉద్యాన శాఖ వాళ్లను కలవండి.

ఇప్పటికి ఒక పెద్ద కరివేపాకు చెట్టు, మాచీపత్రి, మరువం, తులసి, ఒక జామ, ఇంతవరకే మొదలుపెట్టండి. మీ పెరట్లో ఎండ ఎటు వైపు, ఎన్ని గంటలు పడుతుందో, బోరు నీళ్లు ఎలా ఉన్నాయో రాయండి. ఏది ఎక్కడ పెట్టాలో నాకు తెలిసినంత చెబుతాను. మాచీపత్రి మీ వైపు దొరక్కపోతే రావులపాలెం వచ్చినప్పుడు అడగండి, కొమ్మలు ఇస్తాను.