బాక్సు పాడైతే రికార్డింగ్ పోయినట్టేనా?

ప్రశ్న: మా నాన్నగారు ఐదేళ్ల కిందట ఒక టీవీ చానల్లో పౌరాణిక పద్యాలు పాడారు. అప్పుడు దాన్ని సెట్ టాప్ బాక్సులోనే రికార్డు చేసుకున్నాం. ఆయన పోయి రెండేళ్లయింది. పోయిన వారం నుంచి బాక్సు ఆన్ కావడం లేదు, లైటు కూడా వెలగడం లేదు. కంపెనీవాళ్లు పాతది తీసుకుని కొత్తది ఇస్తామంటున్నారు. ఆ వీడియోని కంప్యూటర్‌లోకి ఎక్కించుకోవడం ఎలా? (తెనాలి నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: అమ్మా, ముందు ఆ బాక్సు ఎవరికీ ఇచ్చేయకండి. అద్దె బాక్సయినా సరే, విషయం చెప్పి నాలుగు రోజులు గడువు అడగండి. లైటు కూడా రావడం లేదంటున్నారు కాబట్టి నా మొదటి అనుమానం బాక్సు మీద కాదు, గోడకి గుచ్చే అడాప్టర్ మీద. ఏళ్ల తరబడి ఇరవై నాలుగు గంటలూ వేడెక్కుతూ ఉండేది అదే, చాలాసార్లు ముందు పోయేదీ అదే. దాని వెనక చిన్న అక్షరాల్లో వోల్టులు, ఆంపియర్లు రాసి ఉంటాయి. వోల్టులు సరిగ్గా అంతే ఉండాలి, ఆంపియర్లు అంతే గానీ ఎక్కువ గానీ ఉండొచ్చు, పిన్ను కూడా అదే రకం కావాలి. పాతదాన్ని పట్టుకెళ్లి ఎలక్ట్రానిక్స్ షాపులో చూపిస్తే సరిపోయేది ఇస్తారు. అది మార్చగానే బాక్సు లేచిందంటే లోపల రికార్డింగులు ఎక్కడివక్కడే ఉంటాయి.

లేచిందా, ఇంక ఒక్క రోజు కూడా ఆలస్యం చేయొద్దు. ఆ పద్యాలు ప్లే చేసి, గదిలో లైట్లు ఆపేసి, ఫోన్‌ని స్టాండు మీద పెట్టి టీవీ తెరని షూట్ చేయండి. క్వాలిటీ అంతంతమాత్రమే గానీ నాన్నగారి గొంతు ముందు మీ చేతికి వచ్చేస్తుంది. తర్వాత తీరిగ్గా మంచి కాపీ తీసుకోవచ్చు. బాక్సు వెనక ఎరుపు, తెలుపు, పసుపు రంగుల ఏవీ (ఆడియో-వీడియో) సాకెట్లు గానీ, ఏవీ వైరు పట్టే చిన్న రంధ్రం గానీ ఉంటే దానికీ కంప్యూటర్‌కీ మధ్య యూఎస్‌బీ వీడియో క్యాప్చర్ పరికరం పెట్టి రికార్డు చేసుకోవచ్చు. అరగంట కార్యక్రమానికి అరగంటే పడుతుంది, ఫైల్ కాపీ చేసినట్టు క్షణాల్లో అయిపోదు.

అడాప్టర్ మార్చినా లేవకపోతే మంచి టీవీ మెకానిక్‌కి చూపించి పవర్ సెక్షన్ మాత్రం బాగు చేయమనండి. ఫార్మాట్, ఫ్యాక్టరీ రీసెట్ అనే మాటలు వినిపిస్తే వద్దని గట్టిగా చెప్పండి. హార్డ్ డిస్క్ ఊడదీసి కంప్యూటర్‌కి తగిలిస్తే మాత్రం ఏమీ కనబడదు, పైగా ‘ఫార్మాట్ చేయాలా’ అని అడుగుతుంది. ఈ బాక్సులు రికార్డు చేసినదాన్ని తాళం వేసి దాచుకుంటాయి, ఆ తాళంచెవి అదే బాక్సులో ఉంటుంది. అందుకే డిస్కు తీసి అదే కంపెనీ వేరే బాక్సుకి పెట్టినా ఆడదు. డబ్బులిస్తే డిస్కులోంచి తీసిస్తామనేవాళ్ల మాట నమ్మి ఖర్చు పెట్టుకోకండి. దాని బదులు ప్రసారమైన తేదీ, కార్యక్రమం పేరు రాసి ఆ చానల్‌కే ఉత్తరం పెట్టండి, వాళ్ల యూట్యూబ్‌లో కూడా వెతకండి.

మిగతా పాఠకులకీ ఇదే నా మనవి. బాక్సులో ఉన్నది మన దగ్గర ఉన్నట్టు కాదు. సీరియల్ పోతే పోయింది, మళ్లీ వస్తుంది. ఇంట్లో మనిషి కనిపించిన కార్యక్రమమైతే ఆ వారమే బయటికి తీసుకోండి.

ప్రశ్న: మా అత్తయ్యగారి సీరియల్, మా అబ్బాయి క్రికెట్ ఒకే టైమ్‌కి వస్తాయి. సీరియల్ పెన్ డ్రైవ్‌లో రికార్డు పెట్టి క్రికెట్ చూద్దామంటే ‘రికార్డింగ్ ఆపాలా’ అని అడుగుతోంది. దానికి తోడు కరెంటు పోతే సగమే వస్తోంది.

జవాబు: మీ బాక్సులో ఒకటే ట్యూనర్ ఉంది. అంటే ఒకసారికి ఒక చానల్‌నే పట్టగలదు, చూడటానికైనా రికార్డుకైనా అదే. ఒకటి చూస్తూ వేరొకటి రికార్డు చేయాలంటే రెండు ట్యూనర్ల బాక్సు కావాలి, కొనేముందు ఈ ఒక్క మాట తప్పకుండా అడగండి. ఈలోగా సీరియల్ మర్నాడు మధ్యాహ్నం మళ్లీ వేస్తారేమో చూసి, ఆ ప్రసారానికి టైమర్ పెట్టండి. ఐదు నిమిషాలు ముందుగా మొదలుపెట్టి, పది నిమిషాలు ఆలస్యంగా ఆగేలా పెట్టాలి. లేకపోతే అసలు సంగతి తేలే చివరి సీన్ దగ్గరే కట్ అవుతుంది, అత్తయ్యగారికి అంతకన్నా బాధ ఉండదు.

కరెంటు సంగతి. వైఫై రూటర్‌కి వాడే చిన్న యూపీఎస్ ఉంటుంది కదా, మీ బాక్సు కూడా 12 వోల్టులదే అయి, ఆంపియర్లు సరిపోతే అది చాలు. టీవీ ఆన్‌లో ఉండక్కర్లేదు. డిష్ వాళ్లకి ఇది బాగా పనిచేస్తుంది, ఎందుకంటే పైనున్న గొడుక్కి కావలసిన కరెంటు కూడా బాక్సు నుంచే వెళ్తుంది. కేబుల్ కనెక్షన్ అయితే వీధిలో ఉన్న వాళ్ల పరికరానికీ కరెంటు ఉండాలి, అది మన చేతిలో లేదు.

పెన్ డ్రైవ్ ఎంతది కొనాలో కూడా చెబుతాను. సెకనుకి 8 మెగాబిట్ల హెచ్‌డీ చానల్ గంటకి 3.6 జీబీ తింటుంది. 2 మెగాబిట్ల మామూలు చానల్‌కి 0.9 జీబీ చాలు. బాక్సుకి పెట్టగానే ఫార్మాట్ అడుగుతుంది, అందులో ఫొటోలుంటే ముందే వేరేచోటికి కాపీ చేసుకోండి.

ప్రశ్న: స్మార్ట్ టీవీకి రికార్డింగ్ ఉందన్నారు. సెట్ టాప్ బాక్సులో వచ్చేది రికార్డు కావడం లేదు.

జవాబు: కాదు. టీవీ తన సొంత ట్యూనర్‌తో పట్టిన చానల్‌నే రికార్డు చేస్తుంది. హెచ్‌డీఎంఐ వైరులో వచ్చేదాన్ని చూపిస్తుందంతే. టీవీ పాడైందని షాపులో గొడవ పడకండి.

ప్రశ్న: ఇలా రికార్డు చేసుకోవడం తప్పా?

జవాబు: ఇంట్లో చూసుకోవడానికైతే టెన్షన్ పడక్కర్లేదు. మన 1957 కాపీరైట్ చట్టంలో 39వ సెక్షన్, సొంత వాడకం కోసం ప్రసారాన్ని రికార్డు చేసుకుంటే అది ప్రసార హక్కుల ఉల్లంఘన కాదంటుంది. అదే వీడియోని అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పెట్టడం, యూట్యూబ్‌లో ఎక్కించడం సొంత వాడకం కాదు. ఆ పని చేయకండి.

ప్రశ్న: 1994లో తీసిన మా పెళ్లి వీడియో క్యాసెట్ ఉంది. ఇప్పుడు సీడీ చేయించవచ్చా? (కాకినాడ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: చేయించండి, కానీ సీడీ కాదు, ఫైల్‌గా అడగండి. మీది సముద్రం గాలి తగిలే ఊరు కాబట్టి ముందు క్యాసెట్ కిటికీలోంచి టేపు చుట్టని చూడండి. తెల్లటి పొడిలాగా, మచ్చల్లాగా కనబడితే అది బూజు. అలాంటిదాన్ని ఎట్టి పరిస్థితుల్లోనూ వీసీఆర్‌లో పెట్టొద్దు, టేపు తెగొచ్చు, ఆ బూజు టేపుని చదివే హెడ్డుకి అంటి పక్క క్యాసెట్లకీ పాకుతుంది. ముందు శుభ్రం చేయగలిగినవాళ్లకే ఇవ్వాలి. వీసీఆర్‌లు చివరిదాకా తయారు చేసిన జపాన్ కంపెనీ ఫునాయ్ కూడా 2016 జులైలో ఆపేసింది. ఇప్పుడు ఉన్నవన్నీ పాతవే, మంచి కండిషన్‌లో ఉన్నవి ఏటికేడు తగ్గిపోతున్నాయి. అందుకే వచ్చే ఏడాది చూద్దాంలే అనుకోవద్దు.

స్టూడియోలో 720 బై 576 సైజులో, సెకనుకి 25 ఫ్రేములతో తీయమనండి, మన దేశంలో టీవీకి, వీడియోకి వాడిన పాల్ (PAL) పద్ధతి క్యాసెట్‌కి అదే సరైన కొలత. హెచ్‌డీ చేసి ఇస్తామంటే ముఖాలు మైనం పూసినట్టు వస్తాయి, నాకైతే అస్సలు నచ్చవు. ఫైల్‌ని రెండు హార్డ్ డిస్కుల్లో పెట్టి, ఒకటి మీ తోబుట్టువుల ఇంట్లో ఉంచండి. క్యాసెట్‌ని మాత్రం పారేయకండి, టేపు మొదటికంటా చుట్టేసి, బీరువాలో నిలువుగా పెట్టండి.