యూఎస్‌బీ తీగ పెడితేనే కీచుమంటోందా?

అన్నా, స్ట్రీమర్‌ని (నెట్ నుంచి పాటలు అందించే పెట్టెని) యూఎస్‌బీతో యాంప్లిఫయర్‌కి కలిపినప్పటి నుంచి పాట ఆపినా సన్నగా కీచు వస్తోందని, తీగ పీకితే పోతోందని రాశావు. అంటే యాంప్లిఫయర్ బాగానే ఉంది, దాన్ని విప్పొద్దు.

యూఎస్‌బీ తీగలో పాట ఒక్కటే రాదు. 5 వోల్టుల కరెంటు, అది తిరిగెళ్ళే గ్రౌండ్ తీగ కూడా వస్తాయి. హైస్పీడ్ యూఎస్‌బీలో సెకనుకు 8000 సార్లు డేటా విడతలుగా నడుస్తుంది. ఆ చప్పుడు గ్రౌండ్ గుండా లోపలికి దూరితే నీకు వినిపించే కీచు అదే. 'గుయ్' మనే లావు శబ్దమైతే అది 50 హెర్ట్జ్ కరెంటుది, వేరే కథ.

ముందు ఖర్చులేని పరీక్ష చెయ్యి. స్ట్రీమర్ బదులు చార్జర్ పెట్టని ల్యాప్‌టాప్ కలుపు. శబ్దం పోతే దోషం స్ట్రీమర్ అడాప్టర్ వైపే. అడాప్టర్ మార్చి, దాన్నీ యాంప్లిఫయర్‌నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సులో పెట్టి చూడు. అనంతపురంలో మా ఇంట్లో సగం గోల దీంతోనే తగ్గింది.

మిగతా సగానికి ఆప్టికల్ తీగ వేశాను. అందులో వెలుతురే పోతుంది కాబట్టి గ్రౌండ్ కలవదు. నీ యాంప్లిఫయర్‌లో ఆ సాకెట్ లేకపోతే యూఎస్‌బీ ఐసొలేటర్ (డేటాని పోనిచ్చి గ్రౌండ్‌ని విడదీసే చిన్న పెట్టె) కొను, కానీ 480 ఎంబీపీఎస్ (సెకనుకు మెగాబిట్లు) వేగానిది. చవకగా దొరికే 12 ఎంబీపీఎస్‌వి పెడితే ఎక్కువ నాణ్యత ఉండే 192 కిలోహెర్ట్జ్ పాటల ఫైళ్ళు ఆడవు.

మీ కడప ఎండలకి ఎర్త్ గుంత ఎండిపోయి ఉంటుంది, రెండు బిందెల నీళ్ళు పొయ్యి. ఎవరో చెప్పారని ప్లగ్గు ఎర్త్ పిన్ను మాత్రం తీసెయ్యొద్దన్నా, షాక్ కొడుతుంది.