టికెట్ కొనేముందు తిరుగు దారి చూసుకోండి

విదేశాలకి కొత్తగా వచ్చిన మనవాళ్ళు ఏడాది తిరక్కుండానే అడిగే ప్రశ్న ఇది: “సెలవుల్లో ఓసారి ఇండియా వెళ్ళొద్దామనుకుంటున్నాం, ఏమేం చూసుకోవాలి?” తీరా ఆరా తీస్తే టికెట్లు అప్పటికే కొనేసి ఉంటారు. రేటు తగ్గిందని రాత్రికి రాత్రి బుక్ చేసేసి, కాగితాల సంగతి తర్వాత ఆలోచిస్తారు. నేనైతే దీన్ని తిరగేసి చేయమంటాను. వీసా మీద ఉంటున్నవాళ్ళకి బయటికి వెళ్ళడం చాలా దేశాల్లో పెద్ద పని కాదు. చిక్కంతా మళ్ళీ లోపలికి రావడంలోనే ఉంటుంది. కాబట్టి ప్లాన్ తిరుగు ప్రయాణం రోజు నుంచి మొదలుపెట్టి వెనక్కి వేసుకుంటూ రండి.

అమెరికాలో హెచ్-1బి ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్ళనే తీసుకోండి. పాస్‌పోర్ట్‌లో అతికించిన వీసా దేశంలోకి రావడానికి. ఎంతకాలం ఉండొచ్చో చెప్పేది ఐ-94 అనే ప్రవేశ రికార్డు. హెచ్-1బి మంజూరైందని చెప్పే ఐ-797 కాగితం మూడేళ్ళకి వచ్చిందని ధీమాగా ఉంటారు, పాస్‌పోర్ట్‌లోని వీసా గడువు మాత్రం ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. దేశంలో ఉన్నన్నాళ్ళూ దాంతో పనిపడదు కనక ఎవరికీ గుర్తుండదు. అలా ఊరెళ్ళారంటే, కాన్సులేట్‌లో స్లాట్ దొరికి, ఇంటర్వ్యూ అయ్యి, పాస్‌పోర్ట్ చేతికి వచ్చేదాకా అక్కడే ఉండాలి. స్లాట్ చేతిలో లేకుండా తిరుగు టికెట్ కొనడం నా దృష్టిలో జూదమే. స్టూడెంట్లకి కాలేజీ ఇచ్చే ఐ-20 పత్రం మీద కాలేజీవాళ్ళ ట్రావెల్ సంతకం ఏడాదిలోపుది ఉండాలి, ఓపీటీలో (చదువుకి సంబంధించిన పని చేసుకునే అనుమతి మీద) ఉంటే ఆర్నెల్లలోపుది. స్టేటస్ మార్పుకి, అంటే దేశంలో ఉండగానే ఒక వీసా తరగతి నుంచి ఇంకోదానికి మారడానికి, అప్లికేషన్ పెట్టి, అది తేలకముందే దేశం దాటితే ఆ అప్లికేషన్ వదులుకున్నట్టే లెక్క. ఇలాంటిదేదైనా నడుస్తుంటే వాట్సాప్ గ్రూపులో అడగడం మానేసి లాయర్‌కి ఫోన్ చేయండి.

మిగతా చోట్లా ఇదే కథ, కాగితం పేరే మారుతుంది. సౌదీలో పనిచేసేవాళ్ళకి బయల్దేరేముందే ఎగ్జిట్ రీ-ఎంట్రీ వీసా ఉండాలి, దాని గడువులోపలే తిరిగి రావాలి. యూఏఈలో మామూలు రెసిడెన్సీ ఉన్నవాళ్ళు ఆర్నెల్లు దాటి బయట ఉండిపోతే అది పోయినట్టే. బ్రిటన్‌లో పాత బీఆర్‌పీ (నివాస అనుమతి) కార్డుల స్థానంలో ఆన్‌లైన్‌లో ఉండే ఈ-వీసా వచ్చింది. అక్కడున్నవాళ్ళు పాస్‌పోర్ట్ మార్చుకున్నాక కొత్త నంబర్‌ని అక్కడి వీసా శాఖవారి యూకేవీఐ ఖాతాలో ఎక్కించాలి. ఎక్కించకపోతే విమానం ఎక్కే దగ్గర తిప్పలు తప్పవు. యూరప్‌లో ఉమ్మడి సరిహద్దు ఉన్న షెంగెన్ దేశాల్లో ఒకచోట రెసిడెన్స్ పర్మిట్ ఉంటే మిగతావాటికి వెళ్ళొచ్చు, అదీ ఏ 180 రోజులు తీసుకున్నా 90 రోజులకి మించకుండా.

ఇక పాస్‌పోర్టులు. ఒకరోజు సాయంత్రం ఇంట్లో అందరివీ బయటికి తీసి, భోజనాల బల్ల మీద పరిచి, ఒక్కోదాని గడువు తేదీ పైకి చదవండి. నవ్వొస్తుందేమో గానీ, పెద్దవాళ్ళవి చూసి “బోలెడు టైముంది” అనుకునేవాళ్ళు పిల్లల దగ్గరికి వచ్చేసరికి గతుక్కుమంటారు. పెద్దల పాస్‌పోర్ట్ పదేళ్ళది, చిన్నపిల్లలది చాలా దేశాల్లో అయిదేళ్ళదే. అది పుట్టిన కొత్తలో తీయించి బీరువాలో పెట్టేసిన పుస్తకం. ఎల్‌కేజీ చదివే పిల్ల ఫొటో స్థానంలో కళ్ళు మూసుకున్న పసికందు కనిపించిందంటే తేదీ చూడాల్సిన టైమొచ్చినట్టే. ప్రయాణం నాటికి కనీసం ఆర్నెల్ల గడువు ఉండాలని చాలా దేశాలు అడుగుతాయి. అమెరికా వచ్చేవాళ్ళకి ఇంకో మెలిక ఉంది. వీసా మూడేళ్ళున్నా పాస్‌పోర్ట్ ఏడాదిలో అయిపోతుంటే, ఐ-94 కూడా పాస్‌పోర్ట్ గడువు వరకే ఇచ్చేయొచ్చు. భారతీయ పాస్‌పోర్ట్‌ని గడువుకి ఏడాది ముందు నుంచే రెన్యూ చేయించుకోవచ్చు కాబట్టి ఈ పని ఆలస్యం చేయడంలో అర్థం లేదు. పిల్లల్ని తల్లో తండ్రో ఒక్కరే తీసుకెళ్తుంటే రెండోవారి అంగీకార పత్రం, వీలైతే నోటరీ చేయించి, దగ్గర పెట్టుకోండి.

టికెట్ మీద పేరు పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే ఉండాలి, అక్షరం తేడా లేకుండా. మనవాళ్ళకి ఇదొక ప్రత్యేకమైన తలనొప్పి. ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసి మొత్తం పేరంతా ఒకే గడిలో రాయించుకున్న పాస్‌పోర్టులు కోకొల్లలు. అలాంటివాళ్ళకి అమెరికా వీసా మీద మొత్తం పేరు ఇంటిపేరు గడిలోకి వెళ్ళి, సొంత పేరు స్థానంలో ఎఫ్ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) అని పడుతుంది. ఒకే పేరున్న పాస్‌పోర్టుల విషయంలో కొన్ని దేశాలు పట్టింపుగా ఉంటాయి. అందుకని రెన్యూ చేయించేటప్పుడే రెండు గడులూ నింపించుకోవడం మంచిది. కాకపోతే వీసా పాత పేరుతో ఉంటుంది కనక ఆ పని ప్రయాణానికి నాలుగు రోజుల ముందు పెట్టుకోకండి.

చౌకగా వస్తుందని రెండు విడి టికెట్లు కలిపి కొనేవాళ్ళకి ఒక మాట. ఒకే బుకింగ్‌లో ఉంటే మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పినా, ఇంకో విమానంలో పంపే బాధ్యత ఎయిర్‌లైన్‌దే. విడివిడిగా కొంటే రెండో కంపెనీ దృష్టిలో మీరు రాని ప్రయాణికుడు, అంతే. పైగా మధ్యలో సామాను తీసుకుని మళ్ళీ చెకిన్ చేయాలంటే ఆ దేశంలోకి అడుగుపెట్టాలి, దానికి వీసా కావాలి. కొన్ని విమానాశ్రయాల్లో బయటికి రాకపోయినా భారతీయ పాస్‌పోర్ట్‌కి ట్రాన్సిట్ వీసా అడుగుతారు. మీకున్న వీసాని బట్టి, పర్మిట్‌ని బట్టి మినహాయింపు మారుతుంది. కౌంటర్‌లో అమ్మాయి తన స్క్రీన్ మీద చూసేది చాలా ఎయిర్‌లైన్లు వాడే టిమాటిక్ డేటాబేస్. ఏ పాస్‌పోర్ట్‌కి ఎక్కడ ఏ కాగితాలు కావాలో చెప్పే దీన్ని విమాన సంస్థల అంతర్జాతీయ సంఘం అయాటా నడుపుతుంది. అందులో కుదరదని ఉంటే మీరెంత వాదించినా బోర్డింగ్ పాస్ రాదు. మీ ప్రయాణ వివరాలు చెప్పి ఎయిర్‌లైన్ వాళ్ళ చేత ముందే చూపించుకోండి, టికెట్ కొనకముందే అయితే మరీ మంచిది.

ఈమధ్య అందరినీ ఏడిపిస్తున్నది ఓటీపీ. బ్యాంకు, క్రెడిట్ కార్డు, ఆఫీసు లాగిన్ అన్నీ ఇక్కడి ఫోన్ నంబర్‌కి ముడిపడి ఉంటాయి. విమానం దిగగానే లోకల్ సిమ్ వేసుకుని, పాత సిమ్ తీసి పర్సులో పడేస్తారు. మర్నాడు ఇంటి అద్దె కట్టబోతే కోడ్ ఆ పర్సులోని సిమ్‌కి వస్తుంది. రోమింగ్‌లో ఎస్ఎంఎస్ అందుతుందో లేదో బయల్దేరేముందే కంపెనీని అడగండి. ఫోన్‌లో రెండు సిమ్‌లు పడితే ఇక్కడిది ఉంచి, డేటా ఆపేయండి. కుదిరిన ఖాతాలన్నిటినీ ఎస్ఎంఎస్ అవసరం లేకుండా ఫోన్‌లోనే కోడ్ చూపించే అథెంటికేటర్ యాప్‌కి మార్చి, బ్యాకప్ కోడ్‌లు కాగితం మీద రాసుకోండి. ఫోన్ పోతే యాప్ కూడా పోతుంది కదా. ఆఫీసు లాప్‌టాప్ పట్టుకెళ్ళి అక్కణ్ణించి రెండు వారాలు పనిచేద్దామనుకుంటే మేనేజర్ నోటిమాట చాలదు. చాలా కంపెనీలు దేశం దాటి లాగిన్ అవడాన్నే ఒప్పుకోవు. మెయిల్‌లో అనుమతి తీసుకోండి.

మందులు వాటి డబ్బాల్లోనే, ప్రిస్క్రిప్షన్ కాపీతో, చేతిసంచిలో. ట్రావెల్ ఇన్సూరెన్స్‌లో పాత జబ్బులకి వర్తిస్తుందా లేదా అన్న ఒక్క పేరా చదివితే సగం పని అయినట్టే.

వదిలి వెళ్ళే ఇంటి సంగతి ఎవరూ పట్టించుకోరు. చలిదేశాల్లో శీతాకాలం వెళ్ళేవాళ్ళు కరెంటు బిల్లు కలిసొస్తుందని హీటర్ మొత్తం ఆపేస్తారు. గోడల్లోని పైపుల్లో నీళ్ళు గడ్డకట్టి, పైపు పగిలి, మంచు కరిగాక ఇల్లంతా నీళ్ళవుతుంది. థర్మోస్టాట్ 55 ఫారన్‌హీట్ దగ్గర, అంటే సుమారు 13 సెల్సియస్ దగ్గర, వదిలేసి వెళ్ళండి. సొంత ఇల్లయితే మెయిన్ వాల్వ్ కట్టేసి, కింద అంతస్తులో ఒక కుళాయి తిప్పి పైపుల్లో మిగిలిన నీళ్ళు పోనివ్వండి. నమ్మకమైన పొరుగువారికి ఒక తాళంచెవి, ఆ వాల్వ్ ఎక్కడుందో చూపించే ఫొటో ఇచ్చి వెళ్ళండి. ఇల్లు చాలారోజులు ఖాళీగా ఉంటే కొన్ని ఇన్సూరెన్స్ పాలసీలు నష్టం కట్టివ్వవు కాబట్టి నెల దాటే ప్రయాణమైతే ముందే ఫోన్ చేసి కనుక్కోండి. అమెరికాలో పోస్టాఫీసు వాళ్ళు ఉత్తరాలు 30 రోజుల దాకా ఆపి ఉంచుతారు, ఆన్‌లైన్‌లో పెట్టుకోవచ్చు.

సామాను సర్దడంలో మనవాళ్ళకి నేను నేర్పేదేమీ లేదు. ఒక్క పవర్‌బ్యాంక్ విషయం చెప్తాను. అది చెకిన్ పెట్టెలో వేయకూడదు, చేతిసంచిలోనే ఉండాలి. 100 వాట్-అవర్ల లోపుదైతే మామూలుగా ఇబ్బంది ఉండదు. 20,000 ఎంఏహెచ్‌ది సుమారు 74 వాట్-అవర్లు. పెట్టె రాకపోయినా, పగిలి వచ్చినా విమానాశ్రయం దాటకముందే రిపోర్టు రాయించి నంబర్ తీసుకోండి. అంతర్జాతీయ విమాన ప్రయాణాలకి సంబంధించిన మాంట్రియల్ ఒప్పందం కిందికి వచ్చే ప్రయాణాల్లో దెబ్బతిన్న సామానుకి 7 రోజుల్లో, ఆలస్యంగా వచ్చినదానికి అది చేతికొచ్చిన 21 రోజుల్లో రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి.

తిరిగొచ్చాక పడుకునేముందు ఇంకొక్క పని. అమెరికాలో అయితే ఐ-94 వెబ్‌సైట్‌లో మీదీ, ఇంట్లోవాళ్ళదీ తాజా రికార్డు తీసి, పేరు, వీసా తరగతి, గడువు తేదీ సరిపోల్చుకోండి. హెచ్-4 (హెచ్-1బి వాళ్ళ భార్యాభర్తలకీ పిల్లలకీ ఇచ్చే తరగతి) అని ఉండాల్సినచోట ఇంకోటి పడటం, తేదీ తక్కువ ఇవ్వడం జరుగుతుంటాయి. అలాంటి తప్పు కనిపిస్తే ఆ వారంలోనే సీబీపీ (అమెరికా సరిహద్దు తనిఖీ శాఖ) వాళ్ళ డిఫర్డ్ ఇన్‌స్పెక్షన్ ఆఫీసుని సంప్రదించండి. పొరపాటు వాళ్ళదైతే అక్కడే సరిచేస్తారు.