పాదిరి బంగళాకు సిమెంటు పూత పడదు

ప్రశ్న: చిత్తూరులో వందేళ్లు దాటిన పాదిరి బంగళా కొన్నాం. గోడలు రెండడుగుల మందం, పైన మద్రాసు టెర్రస్ (దూలాల మీద ఇటుక, సున్నంతో వేసిన మిద్దె). పాత యజమాని సిమెంటు పూయించారట. ఇప్పుడు మోకాలెత్తున పూత ఉబ్బి పెచ్చులూడుతోంది. ఇంగ్లండ్‌లో పాత రెక్టరీలను ఇళ్లుగా మార్చుకుంటారు కదా, ఆ పద్ధతులు మనకు పనికొస్తాయా? – ఒక పాఠకురాలు, చిత్తూరు

జవాబు: గోడల వరకు పనికొస్తాయి, మిద్దెకు కాదు.

రెక్టరీ అంటే ఊరి చర్చి పాదిరి ఉండే ఇల్లు. 20వ శతాబ్దంలో అక్కడి చర్చి వీటిని చాలావరకు అమ్మేసింది. 18వ శతాబ్దపు రెక్టరీ గోడా మీ గోడా ఒకే రకం: సున్నంతో కట్టినవి, అడుగున చెమ్మనాపే పొర లేనివి. నేల తడి గోడలోకి ఎక్కి, సున్నపు పూతలోంచి ఆరిపోయేది. సిమెంటు ఆ దారి మూసింది. తడితో వచ్చిన ఉప్పు పూత వెనక గడ్డకట్టి దాన్ని బయటికి తోస్తోంది. మళ్లీ సిమెంటే పూస్తే తడి ఇంకా పైకెక్కుతుంది. ఇంగ్లండ్‌లో లిస్టెడ్ ఇంటి (చారిత్రక కట్టడంగా ప్రభుత్వ జాబితాకెక్కిన ఇల్లు) స్వరూపం మారేట్టయితే లోపలి మార్పులకూ అనుమతి కావాలి. ఇక్కడ మేస్త్రీ మాటే అనుమతి!

ముందు బయటి నేల చూడండి. ఇంటి గచ్చుకన్నా కనీసం అర అడుగు కిందికి ఉండాలి. మట్టి పేరుకుని ఉంటే తీయించండి. ఫిబ్రవరిలో, తడి మరక పైన మరో అడుగు దాకా సిమెంటు కొట్టించి, ఇటుకల సందులు అంగుళం లోతు గీకించి, ఎండాకాలమంతా వదిలేయండి. ఉప్పును పొడి బ్రష్షుతోనే దులపాలి. నీళ్లు పోశారంటే కరిగి మళ్లీ గోడలోకే పోతుంది.

పూత పని జూలైలో పెట్టుకోండి. మే ఎండకు సున్నం గట్టిపడకముందే ఎండి పొడి రాలుతుంది, అక్టోబరు దాటితే తుపాన్లు. నీళ్లలో మూడు వారాలు మగ్గిన సున్నం 1 పాలు, ఏటి ఇసుక 3 పాళ్లు. గోడ తడిపి, పొర అర అంగుళం మించకుండా వేసి, వారం పాటు తడి గోనెపట్టాలు కప్పాలి. పైన వెల్ల మాత్రమే, ప్లాస్టిక్ పెయింటు వద్దు. సున్నం బలం మీద అనుమానముంటే చంద్రగిరి వెళ్లి రాజమహల్ చూసి రండి. కలప లేకుండా రాయి, ఇటుక, సున్నంతో నిలిచింది.

ఇక మిద్దె. రెక్టరీలకు సాధారణంగా ఏటవాలు కప్పు, వాన జారిపోతుంది. మీది టేకు దూలాలు, వాసాల మీద నిలువంచున పేర్చిన ఇటుకలు, ఆపైన సున్నంతో దిమ్మిస చేసిన ఇటుక జల్లి. కారితే పైన కాంక్రీటు పోయించకండి, ఆ బరువు దూలాల మీదే పడుతుంది. దూలం గోడలోకి దిగేచోట స్క్రూడ్రైవర్ గుచ్చండి. సులువుగా అర అంగుళం దిగితే కొస కుళ్లినట్టే. కింద ఆసరా కర్రలు పెట్టించి, ఇంజినీరును పిలిచాకే పైకి మనుషుల్ని ఎక్కించండి.