స్కీయింగ్‌కు సర్కారు డబ్బు ఎందుకు? అందులో మీకు ఉద్యోగం ఎక్కడ?

ప్రశ్న: బీఏ ఎకనామిక్స్ చివరి సంవత్సరం చదువుతున్నాను. స్కీయింగ్ రాదు గానీ వరల్డ్ కప్ రేసులు వదలకుండా చూస్తాను. కొద్దిమంది ఆడే ఆటకు యూరప్ ప్రభుత్వాలు అంత ఖర్చు ఎందుకు పెడతాయి? ఈ రంగంలో నాకు కెరీర్ ఉందా?

జవాబు: ఉంది. ముందు స్కీయర్లకు జీతం ఎవరిస్తున్నారో చూడండి. ఇటలీ స్టార్ సోఫియా గొజ్జా ఆర్థిక నేరాలు చూసే గ్వార్డియా ది ఫినాంజా దళం క్రీడా జట్టులో ఉన్నారు. మరో ఇటలీ స్కీయర్ ఫెదెరికా బ్రిన్యోనె సైనిక పోలీసు దళమైన కారబినియేరిలో ఉన్నారు. జర్మనీ, ఆస్ట్రియాల్లోనూ సైన్యం, పోలీసు, కస్టమ్స్ శాఖలు ఇలాగే క్రీడాకారులను పోషిస్తాయి. కాబట్టి బడ్జెట్‌లో క్రీడల పద్దు ఒక్కటే చూస్తే అసలు ఖర్చు తెలియదు. అమెరికాలో పద్ధతి వేరు. అక్కడి స్కీ సమాఖ్యకు ఫెడరల్ ప్రభుత్వం నేరుగా నిధులివ్వదు, దాతలూ స్పాన్సర్లే దిక్కు.

ఇక ఎందుకంటే, ఆల్ప్స్‌లో ఎన్నో ఊళ్లు చలికాలం పర్యాటకుల మీదే బతుకుతాయి. ఆస్ట్రియాలోని కిట్స్‌బ్యూల్‌లో 1931లో మొదలైన హానెన్‌కామ్ స్కీ రేసు టీవీలో వస్తే అది ఊరికి పెద్ద ప్రకటన. ఈసారి రేసు ముగిశాక గమనించండి. స్కీయర్ రొప్పుతూనే ఒక స్కీ విప్పి, బ్రాండ్ పేరు కెమెరాకు కనబడేలా ముఖం పక్కన నిలబెడతారు. జీతం ప్రజల డబ్బు, ప్రచారం మాత్రం కంపెనీది!

అయితే పతకం వస్తే పర్యాటకులు పెరుగుతారన్న వాదన నన్నడిగితే కాస్త బలహీనమే. ఛాంపియన్‌ను చూసి వచ్చిందెవరు, మంచు బాగా పడిందని వచ్చిందెవరు? ఎలాగూ వచ్చేవాళ్ల ఖర్చును కూడా రేసు ఖాతాలో రాసేస్తే లాభం ఎంతైనా కనిపిస్తుంది. రద్దీకి భయపడి రానివాళ్ల లెక్క ఎవరూ వేయరు. ఇటలీలో ట్యూరిన్ 2006 ఒలింపిక్స్‌కు కట్టిన బాబ్‌స్లే (మంచు బండి పందెం) ట్రాక్ కొన్నేళ్లకే మూతపడింది. పైగా వాతావరణం వేడెక్కి తక్కువ ఎత్తులోని వాలుల మీద మంచు నిలవడం లేదు. యంత్రాలతో కృత్రిమ మంచు చేయాలంటే నీళ్లు, కరెంటు కావాలి. ఆ బిల్లు ఎవరు కట్టాలన్నది ఇప్పుడు అసలు తగాదా.

ఈ లెక్కలు నిజాయితీగా తేల్చడమే మీలాంటివాళ్ల పని. పీజీలో పబ్లిక్ ఫైనాన్స్, ఎకనామెట్రిక్స్ గట్టిగా చదవండి. స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్ అన్న పేరు చూసి మోజుపడకండి, ఆ సబ్జెక్టు తర్వాతైనా నేర్చుకోవచ్చు. జర్మన్ ఇప్పుడే మొదలుపెట్టండి, ఆస్ట్రియాలో స్థానిక పత్రాలన్నీ అందులోనే ఉంటాయి. టూరిజం చదువుకు అక్కడి ఇన్స్‌బ్రుక్ నగరం మంచి చోటు. సమాఖ్యల్లో ఉద్యోగాలు తక్కువ కాబట్టి టూరిజం బోర్డులకు, ప్రాంతీయ ప్రభుత్వాలకు, వాటికి నివేదికలు రాసే కన్సల్టెన్సీలకు అప్లై చేయండి. ఈలోగా ప్రాజెక్టు కోసం ఏదో ఒక రేసు ఊరు తీసుకుని, రేసు వారంలో హోటల్ బసలు నిజంగా పెరిగాయో లేదో పక్క ఊరితో పోల్చి చూడండి. ఇంటర్వ్యూలో మాట్లాడటానికి మీ దగ్గర సొంత పని ఉంటుంది.