స్టాండర్డ్ హెరాల్డ్‌ను పాత ఇనుముకు అమ్మకండి, ముందుగా వెనక తలుపులు చూసుకోండి

పులివెందుల దగ్గరి పల్లెలో మీ జేజినాయన కారు, 1970 నాటి స్టాండర్డ్ హెరాల్డ్ మార్క్ 3, పాతికేళ్లుగా గొడ్ల కొట్టంలో ఉందని రాశారు. గుజరీ వాళ్లు 22 వేలు ఇస్తామంటున్నారు. బాగు చేయిద్దామంటే పార్టులు దొరకవని కడపలో మెకానిక్కులు చెప్పారు. ఏం చేయాలని మీ ప్రశ్న.

అమ్మకండి. మాదీ అదే కారు, అదే మోడల్. మా నాన్న 1976లో మా ఊరు అనంతపురంలోనే ఒక సెనక్కాయల మిల్లు యజమాని దగ్గర పాతదిగా కొన్నారు. ఆయన పోయాక అది పదకొండేళ్లు షెడ్డులోనే ఉండిపోయింది. దాన్ని మళ్లీ రోడ్డెక్కించడానికి నాకు ఆరేళ్లు పట్టింది. మీ మెకానిక్కులు చెప్పినదాంట్లో సగమే నిజం. ఇంజను సామాన్లు దొరుకుతాయి. దొరకనివి వేరే ఉన్నాయి. అవేవో ముందే తెలియక నేను ఏడాదికి పైగా కాలం పోగొట్టుకున్నాను, మీకు ఆ గతి పట్టకూడదని ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

ఈ కారు అసలు ట్రయంఫ్ కంపెనీ చేసిన హెరాల్డ్. 1959లో ఇంగ్లండులో వచ్చింది, రూపం గీసింది ఇటలీకి చెందిన మిచెలాట్టి. మద్రాసులోని స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ వాళ్లు 1961 నుంచి ఇక్కడ తయారు చేశారు. ఇంజను 948 సీసీ. అప్పటికే చాలా కార్లకు బాడీ అంతా ఒకే ముక్కగా వచ్చేది. ట్రయంఫ్ వాళ్లకు బాడీలు చేసిపెట్టే కంపెనీని పోటీదారు కొనేయడంతో వీళ్లు వేరే దారి వెతుక్కోవాల్సి వచ్చింది. కింద విడిగా ఛాసిస్ అనే ఇనుప చట్రం పెట్టి, బాడీని ముక్కలు ముక్కలుగా చేసి బోల్టులతో బిగించారు. అప్పటి వాళ్ల ఇబ్బంది ఇప్పుడు మనకు వరమైంది. కుళ్లిన ముక్కను విప్పి బాగు చేసుకోవచ్చు. బానెట్టు, మడ్‌గార్డులు అన్నీ కలిసి ముందుకు వంగుతాయి, టైరు మీద కూర్చుని ఇంజను పని చేసుకోవచ్చు. ఇంత ఓపిగ్గా చేయించుకునే కారు ఇంకొకటి నేను చూడలేదు. 25 అడుగుల జాగాలో మలుపు తిరుగుతుంది. మా సందులో మా నాన్న ఒక్క పట్టున తిప్పేవారు, ఇప్పటి కార్లు అక్కడ మూడుసార్లు ముందుకూ వెనక్కూ పోవాలి.

ఇక అసలు సంగతి. మీది మార్క్ 3, అంటే నాలుగు తలుపులది. నాలుగు తలుపుల హెరాల్డ్ ఇంగ్లండులో ఎప్పుడూ తయారు కాలేదు, మద్రాసులోనే చేశారు. కాబట్టి ఇంజను, గేర్‌బాక్సు, ముందు సస్పెన్షన్, స్టీరింగ్ సామాన్లకు ఇంగ్లండు దాకా పోయే దారి ఉంది. వెనక తలుపు, దాని కీళ్లు, దాని చుట్టూ వచ్చే రబ్బరు బీడింగు, కిటికీ గాజు కదిలే పట్టాలకు మాత్రం ప్రపంచంలో ఇంకెక్కడా దిక్కు లేదు. ఇంకో మార్క్ 3 కారు నుంచి రావాల్సిందే.

ఇది నాకు తెలియని రోజుల్లో కారును బెంగళూరు రోడ్డు వైపు ఒక టింకరింగ్ షెడ్డులో వదిలాను. రెండు నెలల తర్వాత పోయి చూస్తే ఎడమ వెనక తలుపు లేదు. కింద అంతా తుప్పు పట్టి ఉంటే తీసి పాత ఇనుములో వేసేశాం, కొత్త రేకుతో చేసిస్తాం అన్నారు. దేన్ని చూసి చేస్తారు? కుడి తలుపును తిరగేసి కొలతలు తీసి ప్రయత్నించారు. వంపు రాలేదు. మూస్తే కింద వేలు పట్టేంత సందు, పైన రేకు రేకును రాసుకునేది. ఆ షెడ్డు ముందర నిలబడి ఏడవడం ఒక్కటే తక్కువ. ఆ తలుపులోంచే మా అమ్మ ఎక్కి దిగేది.

ఇంగ్లండులో ట్రయంఫ్ సామాన్లు అమ్మే ఒకాయనకు ఫోటోలు పంపితే, నాలుగు తలుపుల హెరాల్డ్‌ను నా జన్మలో చూడలేదు అని బదులిచ్చాడు. పాత కార్ల సామాన్లు అమ్మే చెన్నై పుదుపేటకు నాలుగుసార్లు పోయాను. ముందు తలుపులు రెండు దొరికాయి, అవి నాకు అక్కర్లేదు. పద్నాలుగు నెలల తర్వాత జమ్మలమడుగు ప్రాంతం నుంచి మా చిన్నాన్న ఫోన్ చేశారు, కళ్లం పక్కన కారు ఒకటి ఉంది, నీ కారు మాదిరే ఉంది అని. పోయి చూస్తే మార్క్ 3. ఇంజను లేదు, చక్రాలు లేవు, వేపచెట్టు కింద రాళ్ల మీద నిలబెట్టారు. లోపల కోళ్లు. వెనక తలుపులు రెండూ గట్టిగా ఉన్నాయి. తలుపులకు డబ్బు ఇస్తానని ఆ ఇంటి అవ్వను అడిగితే, "తలుపులు పీక్కపోతే నా కోళ్లు యాడ పండుకోవాల? రేత్రికి అడివిపిల్లి వస్తాది. లెక్క నేనేం జేసుకుందును" అంది. మరుసటి వారం ప్రొద్దుటూరులో ఇనుప జాలీతో గూడు చేయించి ట్రాలీలో వేసుకుని పోయాను. ఆమె దాని గడియ నాలుగుసార్లు వేసి తీసి చూసింది. ఆ తర్వాతే తలుపుల మీద చెయ్యి వెయ్యనిచ్చింది. భోజనం కూడా పెట్టింది.

అందుకని మీరు చేయాల్సిన మొదటి పని ఒక్క బోల్టు కూడా విప్పకుండా ఫోటోలు తీయడం. ప్రతి తలుపు మూసి, తెరిచి, అంచుల దగ్గర స్కేలు పెట్టి తీయండి. బాడీకీ ఛాసిస్‌కూ మధ్య అక్కడక్కడ రేకు ప్యాకింగులు ఉంటాయి. ఏ బోల్టు దగ్గర ఎన్ని ఉన్నాయో నోటుబుక్కులో రాసుకోండి. అవి తారుమారైతే తలుపులు ఎంత మంచివైనా సరిగ్గా పడవు. విప్పిన ప్రతి క్లిప్పూ, స్క్రూ, విరిగిన నాబు, చీలిన బీడింగు డబ్బాల్లో వేసి పేరు రాసి మీ ఇంట్లోనే పెట్టుకోండి, షెడ్డులో కాదు. విరిగిన ముక్క ఉంటే దాన్ని చూసి లేత్ మీద కొత్తది చేస్తారు. ముక్కే లేకపోతే ఎంత మంచి పనివాడైనా చేసేదేమీ లేదు.

తుప్పు విషయంలో మన సీమ వాళ్లం అదృష్టవంతులం. వానలు తక్కువ, గాలిలో ఉప్పు లేదు. మద్రాసులోనో కాకినాడలోనో అన్నేళ్లు పడి ఉన్న కారుకు ఛాసిస్ మిగలదు. కానీ మీది గొడ్ల కొట్టం. పేడ తడి, గొడ్ల మూత్రం ఇనుమును తినేస్తాయి. స్క్రూడ్రైవరుతో ఛాసిస్ నుంచి పక్కలకు వచ్చే చేతులను, తలుపుల కింది పట్టీలను, డిక్కీ నేలను పొడిచి చూడండి. ఠంగుమంటే మంచిది. లోపలికి దిగితే అక్కడ కొత్త రేకు వేయాలి, వేయొచ్చు కూడా. ఛాసిస్ నడిమి కమ్ములు గట్టిగా ఉంటే ధైర్యంగా ముందుకు పొండి.

ఇంజను తిరుగుతుందో లేదో చూద్దామని తాడు కట్టి లాగించవద్దు. ప్లగ్గులు తీసి ఒక్కో సిలిండరులో రెండు చెంచాల ఇంజనాయిలు పోసి నాలుగు రోజులు వదలండి. తర్వాత టాప్ గేర్‌లో వేసి కారును చేత్తో కొంచెం కొంచెం తోయండి. తిరిగితే సంతోషం, తిరగకపోతే హెడ్డు దింపాలి. పాత పెట్రోలు ట్యాంకులో జిగురై ఉంటుంది, ట్యాంకు దింపి కడిగించాలి. బ్రేకుల్లో రబ్బరు అన్నది ఏదీ ఉంచుకోవద్దు, వీల్ సిలిండర్లు, మాస్టర్ సిలిండర్, గొట్టాలు అన్నీ మార్చండి. బ్యాటరీ బిగించే ముందు ఏ కొన బాడీకి పోతుందో చూడండి. పాత హెరాల్డులకు పాజిటివ్ కొన బాడీకి ఉండేది. అలవాటుగా తిప్పి బిగించొద్దు.

ముందు చక్రాల గురించి మాత్రం కొంచెం నిలబడి చెప్పాలి, ఇది ప్రాణాల మీదికి తెచ్చే సంగతి. చక్రాన్ని పట్టుకునే నిలువు కడ్డీ కింది కొన ఒక ఇత్తడి దిమ్మెలో ఉంటుంది, దాన్ని ట్రనియన్ అంటారు. స్టీరింగ్ తిప్పినప్పుడల్లా కడ్డీ కొన మీద స్క్రూకు ఉన్నట్టుండే మరలు ఆ దిమ్మెలో తిరుగుతాయి. దానికి గ్రీజు కాదు, ఈపీ 90 గేరాయిలు పెట్టాలి. గ్రీజు మరల సందుల్లోకి పోదు, గట్టిపడుతుంది. లోపల నీళ్లు చేరి కడ్డీకి తుప్పు పడుతుంది, ఒకరోజు మరల దగ్గరే పుటుక్కున విరుగుతుంది. ఇది తెలియక నేనే రెండేళ్లు నా చేత్తో గ్రీజు కొట్టాను. మా ఇంటి గేటు దగ్గర వెనక్కి తీస్తుంటే ఎడమ చక్రం లోపలికి మడుచుకుని కారు ముందు భాగం నేల మీద కూర్చుంది. అదే కర్నూలు హైవే మీద అయ్యుంటే అని తలచుకుంటే ఇప్పటికీ చేతులు చల్లబడతాయి. మీ కారుకు ఆ కడ్డీలు, దిమ్మెలు రెండు వైపులా కొత్తవి వేయించండి. కుడి ఎడమలకు మరలు వేర్వేరు, కలపొద్దు. స్పిట్‌ఫైర్ అనే ట్రయంఫ్ స్పోర్ట్స్ కారుకూ ఇదే ఏర్పాటు కాబట్టి ఇంగ్లండులో ఇవి ఇప్పటికీ కొత్తవి అమ్ముతారు. అక్కడి ధరకు తోడు కొరియరు, కస్టమ్స్ సుంకం కలిపి లెక్క వేసుకోండి, నాకు దాదాపు రెండింతలు పడింది.

ఇంగ్లండు నుంచి తెప్పించేటప్పుడు కారు పేరు చెబితే చాలదు, పార్టు నంబరు కావాలి. కంపెనీ సొంత స్పేర్ పార్టులు స్టాన్‌పార్ట్ పేరుతో వచ్చేవి, ఆ పాత డబ్బాల మీద ఆరంకెల నంబరు ఉంటుంది. హెరాల్డ్ పార్టుల క్యాటలాగు ఒకటి సంపాదించుకోండి.

అన్నీ అంత దూరం నుంచి తేవాల్సిన పని లేదు. బేరింగుకు దాని మీది నంబరే గుర్తు. ఆయిల్ సీలుకు లోపలి, బయటి వ్యాసం, మందం చెబితే చాలు. ఇవి నేను అనంతపురంలోనూ, బెంగళూరు జేసీ రోడ్డులోనూ కొన్నాను. వెనక అడ్డంగా ఉండే కమాన్ కట్టను మా ఊళ్లో లారీలకు కట్టలు కట్టే ఆయనే విప్పి, వంపు సరిచేసి ఇచ్చాడు. తలుపు బీడింగు కోసం చిన్న ముక్క కోసుకుని పోయి చూపిస్తే దగ్గర దగ్గరగా సరిపోయేది దొరుకుతుంది. ఎక్కడికి పోయినా పాత ముక్క చేతిలో పట్టుకుని పొండి. ఫోన్లో అడిగితే లేదనే అంటారు. ముక్క చూస్తే ముసలి మేస్త్రీ ఎవరో ఒకరు లేచి లోపలికి పోయి అటక మీద వెతుకుతారు. నాకు డైనమో అలాగే దొరికింది, సికింద్రాబాదు రాణీగంజ్‌లో.

ఒకటి గమనించండి. హెరాల్డ్ వెనక చక్రాలు రెండూ దేనికది విడిగా పైకీ కిందికీ ఊగుతాయి, ఈ స్వింగ్ యాక్సిల్ ఏర్పాటు మన మెకానిక్కులకు నచ్చేది కాదు, హెరాల్డ్ తర్వాత 1970ల్లో వచ్చిన గెజెల్ అనే మోడల్‌కు కంపెనీయే దాన్ని మార్చేసింది. మీ కారుకు కూడా ఎవరైనా మార్చారేమో కింద పడుకుని చూడండి. మార్చి ఉంటే తెప్పించాల్సిన సామాన్లూ మారిపోతాయి.

డబ్బు ఖర్చు పెట్టకముందే కాగితాల పని చూడండి. ఆర్‌సీ మీ జేజినాయన పేరున ఉంటే వారసుల సర్టిఫికెట్టుతో ఫారం 31 పెట్టి మీ నాన్నగారి పేరుకో మీ పేరుకో మార్పించండి. 2021 జులైలో కేంద్రం తెచ్చిన నియమాల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్లు దాటిన కారును వింటేజ్‌గా నమోదు చేసుకోవచ్చు. ఫీజు 20 వేలు, పదేళ్లు చెల్లుతుంది, నంబరులో వీఏ అనే అక్షరాలు వస్తాయి. కానీ అలా చేస్తే ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలుకు, మరమ్మతుకు తప్ప మామూలుగా తిప్పకూడదు. నేను ఆ దారి పట్టలేదు. ఐదేళ్లకోసారి ఆర్‌సీ రెన్యువల్ చేయించుకుంటున్నాను, ఎందుకంటే ఆదివారం మా అమ్మను లేపాక్షికి దీంట్లోనే తీసుకుపోవాలి. మీరు ఎలా వాడుకుంటారో చూసుకుని నిర్ణయించుకోండి.

ఆ అవ్వ కారు నుంచి రెండు తలుపులూ తెచ్చానని చెప్పాను కదా, ఎడమది మా కారుకు వేశాను. కుడి వెనక తలుపు, దాని కీళ్లు, గాజు పట్టాలతో సహా మా మిద్దె మీది గదిలో గోనెసంచి చుట్టి ఉంది. మీ కుడి తలుపు అడుగు పొడిచి చూశాక పోయిందనిపిస్తే ఇక్కడే కింద రాయండి. వచ్చి తీసుకుపోండి, లెక్క అక్కర్లేదు. వచ్చేటప్పుడు మీ కారు తలుపుల ఫోటోలు తెండి, రెండూ పక్కపక్కన పెట్టి చూద్దాం.